చెయ్యి ఆగిన చోట యంత్రం

(డేవిడ్ హార్స్‌బర్గ్ స్మృతిలో చేసిన ఉపన్యాసం పూర్తి పాఠం)

చుట్టుపక్కల పల్లెలవాళ్లు ఇప్పటికీ ఏనుగు మల్లమ్మ కొండ అని పిలుచుకునే ఈ హార్స్లీ హిల్స్ మీది నుంచి చూస్తే కనిపించేది టమాటా తోటలు, గుండ్లు తేలిన గుట్టలు, ఏడాదిలో సగం రోజులు నీళ్లు లేని చెరువులు. కానీ పిల్లలు ఎలా నేర్చుకుంటారు, బడి వాళ్లకు ఏ క్రమంలో దేన్ని అందించాలి అన్న ప్రశ్న మీద ఈ నేల చేసినంత పని మన రాష్ట్రంలో మరే ప్రాంతమూ చేయలేదని నా నమ్మకం. కొండ కింద రిషివ్యాలీ బడి ఉంది. పడమటగా సరిహద్దు దాటితే కోలారు జిల్లా రాయల్పాడు దగ్గర ఒకప్పటి నీల్‌బాగ్ బడి. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా దక్షిణానికి పోతే కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ వారి 172 ఎకరాల ప్రాంగణం. పిల్లల చేత కంప్యూటర్ సాయంతో సమస్యలు పరిష్కరింపజేయడం ఎలాగన్న నేటి ప్రశ్నకు జవాబులో ముప్పాతిక వంతు ఈ మూడు చోట్లా చాలాకాలం కిందటే తయారై ఉందని నేను అనుకుంటున్నాను. ఆ మూడింటిలో ఏ ఒక్కటీ కంప్యూటర్‌తో మొదలు కాలేదు.

విద్యావేత్త డేవిడ్ హార్స్‌బర్గ్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో మన దేశానికి వచ్చారు. కొన్నేళ్లు రిషివ్యాలీలో పాఠాలు చెప్పారు. 1972లో నీల్‌బాగ్ ప్రారంభించారు. ఆ బడిలో పిల్లలను వయసును బట్టి తరగతులుగా విడదీయలేదు. పరీక్షలు లేవు, బహుమతులు లేవు, దండన లేదు. చిన్నాపెద్దా ఒకే గదిలో కూర్చుని ఎవరి పని వాళ్లు, ఎవరి వేగంతో వాళ్లు చేసుకునేవారు. లెక్కలతో, భాషలతో పాటు వడ్రంగం, కుండలపని, కుట్టుపని, తోటపని కూడా అక్కడ చదువే. హార్స్‌బర్గ్ 1984లో కన్నుమూశారు. సరిగ్గా 1984–85లోనే కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ అనే పథకం కింద బ్రిటన్‌లో తయారైన బీబీసీ మైక్రో కంప్యూటర్లను తొలి విడతగా 250 పాఠశాలలకు పంపింది. ఆ బడికీ ఈ పథకానికీ ఒకదానితో ఒకటి సంబంధం లేదు. అయినా పక్కపక్కన పెట్టి చూడవలసినవే. ఈ పిల్ల ఇవాళ దేనికి సిద్ధంగా ఉంది అని బడి అడిగింది. ఈ బడికి ఈ ఏడు ఏ పరికరం చేరాలి అని పథకం అడిగింది. నలభై ఏళ్లుగా మనం రెండో ప్రశ్న వెంటే నడుస్తున్నాం.

ఆ నడక ఫలితం మన పాఠ్యప్రణాళికల్లో కనిపిస్తుంది. ఒక తరగతిలో కీబోర్డు, మౌస్. పై తరగతిలో బొమ్మలు గీయడం. ఆ పైన టైపింగు, ఆ పైన స్ప్రెడ్‌షీట్, ఎనిమిదో తొమ్మిదో తరగతికి వచ్చేసరికి కోడింగ్. అంటే తరగతుల క్రమం పరికరాల క్రమమైపోయింది. స్ప్రెడ్‌షీట్ పాఠంలో పిల్లలు చేసే పని ఏమిటి? ఊహించుకున్న ఐదుగురు విద్యార్థుల మార్కులు గళ్లలో నింపి, మొత్తం కట్టే సూత్రం రాయడం. ఐదు అంకెలను కూడడానికి స్ప్రెడ్‌షీట్ ఎందుకు అని ఏ పిల్లవాడైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్న. దానికి పుస్తకంలో జవాబు లేదు. నేను ఈ పూట వాదించదలచింది ఒక్కటే. తరగతి నుంచి తరగతికి మెట్లు కట్టవలసింది పరికరాలకు కాదు, సమస్యలకు. చేత్తో, నోటితో, కాగితం మీద పిల్లలు ఎంత దూరం పోగలరో అంత దూరం పోయి ఆగిన చోటే యంత్రం రావాలి. అలా వచ్చినప్పుడు దాని అవసరం మనం చెప్పనక్కర్లేకుండా పిల్లలకే తెలుస్తుంది. ముందే వస్తే అది మరో పాఠం, మరో కంఠస్థం.

ముందుగా ఆధారాలు చూద్దాం. పెరూ దేశం పల్లె బడులకు పెద్ద ఎత్తున లాప్‌టాప్‌లు ఇచ్చింది. 319 పాఠశాలలను పరిశీలించిన అధ్యయనాన్ని ఇంటర్ అమెరికన్ డెవలప్‌మెంట్ బ్యాంకు 2012లో వెలువరించింది. లాప్‌టాప్‌లు అందిన బడుల్లో తలకు 1.18 కంప్యూటర్లు, అందని బడుల్లో 0.12. అంత తేడా ఉన్నా లెక్కల్లోనూ భాషలోనూ పిల్లల మార్కుల్లో తేడా కనిపించలేదు. ఆకారాల అమరికను పట్టుకునే సాధారణ బుద్ధికుశలత పరీక్షల్లో మాత్రం కొంత మెరుగుదల ఉంది. దాన్ని దాచి చెబితే నా వాదానికి బలం రావచ్చు గానీ న్యాయం కాదు. 2015లో ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) తన అంతర్జాతీయ పీసా పరీక్షల ఫలితాలను దగ్గర పెట్టుకుని వెలువరించిన నివేదిక కూడా, బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చు చేసిన దేశాల్లో చదవడం, లెక్కలు, విజ్ఞానం చెప్పుకోదగ్గంతగా మెరుగుపడిన దాఖలా లేదంది. మన ఆంధ్రప్రదేశ్‌కు వస్తే 2022 డిసెంబరు 21న ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వారి ఉపాధ్యాయులకు కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. వాటిలో బైజూస్ కంపెనీ వీడియో పాఠాలు ముందే నింపి ఇచ్చారు. ఖర్చు పెట్టిన ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను. పేదింటి పిల్ల చేతికి నాణ్యమైన పరికరం రావాలన్న కోరిక మంచిదే. నా అభ్యంతరం ఆ పరికరం లోపల ఉన్న పని గురించి. వీడియో పాఠంలో సమస్య వస్తుంది, గొంతు వివరిస్తుంది, జవాబు వస్తుంది. సమస్యకూ జవాబుకూ మధ్య పిల్లవాడు తచ్చాడవలసిన కాలాన్ని మొత్తం ఆ గొంతే వాడేసుకుంటుంది.

ఆ తచ్చాటలోనే అసలు సంగతి ఉంది. జార్జ్ పోల్యా అనే గణితవేత్త 1945లో సమస్యా పరిష్కారాన్ని నాలుగు దశలుగా విడదీసి చూపారు. సమస్యను అర్థం చేసుకోవడం, ఎత్తుగడ వేయడం, దాన్ని అమలు చేయడం, వచ్చిన జవాబును తిరిగి చూసుకోవడం. ఈ నాలుగింటిలో కంప్యూటర్ నిజంగా మోసేది మూడోదాన్ని. మొదటిదాన్నీ నాలుగోదాన్నీ మోయడానికి అవతల ఉన్న లోకం తెలిసిన మనిషి కావాలి. ఒక చిన్న లెక్క తీసుకుందాం. చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే అది ఒక లీటరు నీరు. వంద చదరపు మీటర్ల బడికప్పు మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడితే 70,000 లీటర్లు. అందులో ఐదో వంతు ఆవిరై, చెదిరి పోయిందనుకున్నా 56,000 మిగులుతాయి. ఈ గుణకారం యంత్రం రెప్పపాటులో చేస్తుంది. ఒక సున్నా ఎక్కువ పడి 5,60,000 వచ్చినా అంతే నిబ్బరంగా చూపిస్తుంది. నీళ్లట్యాంకరు ఎన్ని లీటర్లు పడుతుందో తెలిసి, ఇన్ని ట్యాంకర్ల నీళ్లు మన కప్పు మీద పడతాయా అని కనుబొమలు ముడిచే పిల్లే ఆ తప్పును పట్టుకుంటుంది. బిందెలతో, బకెట్లతో నీళ్లు కొలిచిన అనుభవం చిన్న తరగతుల్లో లేకపోతే పెద్ద తరగతిలో ఆ ముడి పడదు. అందుకే చేతిపనిని కంప్యూటర్‌కు ముందుమెట్టు అంటున్నాను. ఇందులో పాతకాలపు మమకారమేమీ లేదు.

సమస్యలను మెట్లుగా కట్టడం సాధ్యమేనా? ఈ ప్రశ్నకు రిషివ్యాలీ పరిసర పల్లెల్లోని చిన్నబడులు 1980ల చివరి నుంచి పని చేసి జవాబు చెప్పాయి. పద్మనాభరావు, రమ దంపతులు హార్స్‌బర్గ్ ఆలోచనల స్ఫూర్తితో అక్కడ రూపొందించిన పద్ధతి విద్యారంగంలో ఉన్నవారికి తెలిసిందే. ఒకే గది, ఒకరో ఇద్దరో ఉపాధ్యాయులు, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పిల్లలు. పాఠ్యపుస్తకాన్ని చిన్నచిన్న పనులుగా విడగొట్టి ఒక్కోదాన్ని ఒక్కో కార్డు మీదికి ఎక్కించారు. ఏ కార్డు తర్వాత ఏ కార్డో చూపే నిచ్చెనపటం గోడ మీద ఉంటుంది. పిల్లలు నిచ్చెన మీద తమ మెట్టు తామే చూసుకుని, కార్డు మీది గుర్తును బట్టి కార్డు తెచ్చుకుంటారు. కొన్ని గుర్తులు టీచరు పక్కన కూర్చుని చేసే పనికి, కొన్ని తోటివాళ్లతో కలిసి చేసేవాటికి, కొన్ని ఒంటరిగా చేసేవాటికి. జ్వరమొచ్చి పది రోజులు మానినా, వేరుశనక్కాయలు పీకే రోజుల్లో పనికి పోయినా, తిరిగి వచ్చిన పిల్ల తాను వదిలిన మెట్టు దగ్గరే మొదలుపెడుతుంది. ఈ పద్ధతే 1995 నుంచి మైసూరు జిల్లా హెచ్.డి.కోటెలో ‘నలి కలి’గా, 2003 నుంచి చెన్నై కార్పొరేషన్ బడుల్లో, ఆ తర్వాత తమిళనాడంతటా కార్యాచరణ విధానంగా విస్తరించింది. మన గడప ముందు పుట్టినదాన్ని పొరుగు రాష్ట్రాలు మనకంటే ముందుగా, మనకంటే పెద్దగా వాడుకున్నాయి. ఈ మాట చెప్పక తప్పదు.

ఈ నిచ్చెనకూ కంప్యూటర్‌కూ ఏమిటి సంబంధం అనిపించవచ్చు. ఢిల్లీలో 2015లో 619 మంది విద్యార్థులతో జరిగి, 2019లో ప్రచురితమైన అధ్యయనం ఒకటుంది. కార్తీక్ మురళీధరన్, మరో ఇద్దరు ఆర్థికవేత్తలు చేశారు. ఆరో తరగతిలో చేరిన పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతుల మేర వెనకబడి ఉన్నారని, తొమ్మిదో తరగతికి ఆ దూరం నాలుగున్నరకు పెరిగిందని వాళ్లు గమనించారు. బడి తర్వాత నడిపిన కేంద్రాల్లో పిల్లవాడి తరగతిని పక్కనపెట్టి, అతడున్న మట్టాన్ని బట్టి ప్రశ్నలు ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో సాధన చేయించారు. నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లోనూ హిందీలోనూ గణనీయమైన పురోగతి కనిపించింది. పెరూలో ఫలితం లేదు, ఢిల్లీలో ఉంది. రెండుచోట్లా తెరలే. తేడా నాకు ఇక్కడ కనిపిస్తుంది: ఢిల్లీలో యంత్రం చేసిన పని, రిషివ్యాలీ గోడ మీద నిచ్చెనపటం చేసే పనే. పిల్ల ఏ మెట్టు మీద ఉందో కనిపెట్టి, అక్కడి కార్డు చేతికివ్వడం. అయితే ఇక్కడ ఒక హద్దు గీసుకోవాలి. ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చినవి జవాబు ముందే నిర్ణయమై ఉన్న ప్రశ్నలు. పైగా ఆ కేంద్రాల్లో పూటలో సగం సేపు మనుషులే చిన్న బృందాలకు పాఠం చెప్పారు. అది సాధనకు పనికొచ్చింది. జవాబు ఎవరికీ తెలియని సమస్యను ఎదుర్కోవడం అంతకంటే పై మెట్టు. దానికి ముడిసరుకు ఊళ్లోంచి రావాలి.

ఊరి ముడిసరుకు అంటే మదనపల్లెలో టమాటా కంటే ఏముంటుంది? దేశంలోని పెద్ద టమాటా మార్కెట్లలో ఇది ఒకటి. 2023 జూలైలో ఇక్కడ మొదటి రకం కిలో 150 రూపాయలు దాటింది. రెండు మూడు నెలలు తిరక్కుండానే నేలకు దిగింది. ప్రతి పిల్లకూ ఇంట్లోనో పక్కింట్లోనో తెలిసిన కథ ఇది. దీన్ని మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే సమస్యగా ఎలా పెంచవచ్చో చూడండి. మూడో తరగతి పిల్లల ముందు ఒక బాక్సు పెట్టి, ఇందులో ఎన్ని కాయలుంటాయో తూచకుండా, లెక్కపెట్టకుండా చెప్పమనాలి. ప్రతివాళ్లూ తమ అంచనా పలక మీద రాసుకుంటారు. తర్వాత లెక్కపెడతారు. ఎవరిది దగ్గరగా వచ్చింది, వాళ్లు ఎలా ఆలోచించారు? ఒక వరుస లెక్కపెట్టి వరుసలతో హెచ్చవేసిన పిల్ల అక్కడే గణితాన్ని కనిపెట్టింది. ఐదో తరగతిలో నెలరోజులు ఆనాటి మండీ ధర గోడ మీది గళ్ల కాగితం మీద చుక్కగా పెట్టి, చుక్కలు కలపాలి. ముప్పై అంకెలు. చెయ్యి చాలు. గీత ఎక్కడ లేచింది, ఆ రోజు ఏం జరిగింది అని ఇంట్లో అడిగి రావాలి. ఇక్కడిదాకా మీట నొక్కే పనే లేదు. ఉండకూడదు కూడా. ఎందుకంటే చుక్క పెట్టడానికి వేలు పైకి జరిగినప్పుడే ధర పెరగడమంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది.

ఏడో తరగతిలో ప్రశ్న మారుతుంది: ఏ నెలలో కోతకు వస్తే రైతుకు మేలు? ఒక ఏడాది చూస్తే చాలదని, 2023లాంటి ఏడాది మోసం చేస్తుందని పిల్లలే అంటారు. మూడేళ్ల ధరలు కావాలి. అంటే వెయ్యికి పైగా అంకెలు. కేంద్ర ప్రభుత్వ అగ్‌మార్క్‌నెట్‌లో మార్కెట్ల రోజువారీ ధరలు ఉచితంగా దొరుకుతాయి. గళ్ల కాగితం మీద వెయ్యి చుక్కలు పెట్టబోయి, రెండు రోజులకు విసిగి, చేతులెత్తేస్తారు. ఆ విసుగు చాలా విలువైనది. స్ప్రెడ్‌షీట్ తెరవవలసిన క్షణం అదే. అప్పుడు సగటు కట్టే సూత్రం ఒక పాఠంగా రాదు, గండం గట్టెక్కించే ఉపాయంగా వస్తుంది. ఎనిమిదో తరగతిలో ఆ సగటునే అనుమానించాలి. ఐదు రోజుల ధరలు 10, 12, 11, 9, 158 అనుకోండి. సగటు 40. ఐదు రోజుల్లో ఒక్కనాడు కూడా ధర 40 దరిదాపుల్లో లేదు. మధ్యగతం 11. మధ్యగతం పాఠ్యపుస్తకంలో ఉంది. పిల్లలు దాన్ని కట్టగలరు. కానీ దాని అవసరం ఏమిటో వాళ్లకు తెలిసేది ఈ సగటును చూసి కోపం వచ్చినప్పుడే. ఆ కోపానికి ఊళ్లో కారణం ఉంది. ఒక్కనాటి 158ని పేపర్లో చూసి అప్పుచేసి నారు నాటిన రైతు ఇంటి పిల్ల ఆ తరగతిలోనే కూర్చుని ఉంటుంది.

తొమ్మిది, పది తరగతుల్లో యంత్రం తన అసలు బలం చూపించాలి. ప్రశ్న: ధర ఎందుకిలా ఊగుతుంది? నాటిన రెండు నెలలకు గాని కోతకు రాని పంట ఇది. ఇవాళ్టి ధర చూసి నాటినవాళ్లంతా రెండు నెలల తర్వాత ఒకేసారి మార్కెట్‌కు వస్తారు. దీన్ని లెక్కగా మార్చడానికి కల్పించుకున్న అంకెలు చాలు. కిలో ధర రూపాయల్లో, 90లోంచి ఊరి టమాటా ఎకరాల్లో సగం తీసేస్తే వచ్చేదనుకుందాం. ఎకరాలు, కిందటి పంట ధరకు రెండింతలు కట్టి 20 కలిపితే వచ్చేవనుకుందాం. వంద ఎకరాలు, నలభై రూపాయలు దగ్గర అంతా నిలకడగా ఉంటుంది. ఒక్క వడగళ్ల వానకు ఒక పంట దెబ్బతిని ధర 50కి లేచిందనుకోండి. దాన్ని చూసి 120 ఎకరాలు నాటుతారు, ధర 30కి పడుతుంది. మరుసటి పంటకు 80 ఎకరాలే నాటుతారు, ధర మళ్లీ 50. ఇక ఆ ఊగులాట ఆగదు. ఇప్పుడు ఒక్క మార్పు చేద్దాం. రైతులు కిందటి పంట ధర ఒక్కటే చూడకుండా రెండు పంటల సగటు చూసి నాటుతున్నారనుకుందాం. అదే వడగళ్ల వాన తర్వాత ధర 35, 37.5, 43.75, 39.4 అవుతూ నలభై దగ్గరికి సర్దుకుంటుంది. మొదటి రెండు మూడు పంటలు చేత్తోనే కట్టాలి. ఆ తర్వాత నాలుగు వరుసల ప్రోగ్రాము రాసి వంద పంటలు నడిపించి చూడాలి. వర్షం మార్చి, శీతల గిడ్డంగి కట్టి, సగంమంది రైతులు వేరుశనగకు మారారనుకుని మళ్లీ మళ్లీ నడపాలి. ‘అలా అయితే ఏమవుతుంది’ అని వందసార్లు అడిగే అవకాశం ఏ కాగితమూ ఇవ్వదు, ఏ రైతుకూ జీవితం ఇవ్వదు. 1967లో తన సహచరులతో కలిసి లోగో ప్రోగ్రామింగ్ భాషను రూపొందించిన సేమూర్ పాపర్ట్ పిల్లలకు కంప్యూటర్ ఎందుకివ్వాలన్నాడో నాకు ఇలాంటి చోటనే అర్థమవుతుంది. అక్కడ పిల్లే యంత్రానికి పని చెబుతుంది.

ఈ లెక్కకు తెలియని సంగతి ఒకటుంది. ధర కాయల రాశిని బట్టే తేలదు. కమీషన్ ఎంత, ఏ రాష్ట్రాల లారీలు వచ్చాయి, పాట ఎవరు పాడారు, అప్పిచ్చిన మండీకే సరుకు తోలాలా, ఇవన్నీ అందులో కలుస్తాయి. పదో తరగతి పిల్లలు తమ ప్రోగ్రాము చెప్పిన ధరనూ అసలు ధరనూ పక్కపక్కన పెట్టి, తేడా ఎందుకొచ్చిందో కనుక్కోవడానికి మండీకి పోయి అడగాలి. పోల్యా చెప్పిన నాలుగో దశ అంటే అదే.

యంత్రం పని వెంట వస్తే ఎలా ఉంటుందో చూపే నిదర్శనం కుప్పంలో ఉంది. 2002లో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పం నియోజకవర్గంలో ఐ–కమ్యూనిటీ అనే మూడేళ్ల ప్రాజెక్టు మొదలుపెట్టింది. సమాచార కేంద్రాలతో పాటు అందులో భాగంగా స్వయం సహాయక సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరా, చిన్న ప్రింటరు, వాటిని నడిపే సౌర పలక ఇచ్చారు. గుర్తింపు కార్డులకు, పెళ్లిళ్లకు, ఊరి వేడుకలకు వాళ్లు ఫొటోలు తీసి అక్కడికక్కడే అచ్చు వేసి ఇచ్చేవారు. కంప్యూటర్ సిలబస్ అనేదే చదవని ఆ మహిళలకు పరికరం ఎందుకు అబ్బింది? దాని ముందు ఒక గిరాకీ నిలబడి ఉంది. ఫొటో ఎంతకిస్తే కాగితానికీ ఇంకుకూ గిట్టుబాటవుతుంది అన్న లెక్క ఉంది. 1999లో మొదలై, అదే కుప్పం పక్కన ప్రాంగణం ఉన్న అగస్త్య ఫౌండేషన్ మరో వైపు నుంచి ఇదే సంగతి చూపింది. దగ్గరలో దొరికే చవక సామగ్రితో చేసిన ప్రయోగ నమూనాలను వ్యానుల్లో, మోటారు సైకిళ్ల మీద పల్లె బడులకు తీసుకుపోయి, పిల్లల చేతనే తోటి పిల్లలకు చెప్పించే పద్ధతి వారిది. ముట్టుకోవడం, ఆశ్చర్యపోవడం ముందు. వివరణ తర్వాత.

ఇక అభ్యంతరాలు. మొదటిది, అన్నిటికంటే బలమైనది: పట్నం పిల్లలు ఐదేళ్లకే తెరల మీద ఆడుతుంటే, పల్లె పిల్లలకు చేతిపని పేరు చెప్పి యంత్రాన్ని ఆలస్యం చేస్తారా? ఇది కొత్తరకం అంటరానితనం కాదా? ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయను. అయితే విద్యాస్థితి వార్షిక నివేదిక అసర్ 2024 సర్వే ఏం చెబుతోందో చూడండి. గ్రామీణ భారతంలో 14–16 ఏళ్ల పిల్లల్లో 82 శాతం మందికి స్మార్ట్‌ఫోన్ వాడడం వచ్చు. వచ్చినవాళ్లలో, సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. అంటే తెర మీద వేలు పెట్టడం ఊరే నేర్పేసింది. బడి నేర్పవలసింది వేరే. అదే సర్వేలో, ఫోను వాడగలిగిన మగపిల్లల్లో 36 శాతానికి సొంత ఫోను ఉంటే ఆడపిల్లల్లో 27 శాతానికే ఉంది. కాబట్టి బడిలో కంప్యూటర్ ల్యాబ్ తాళం తీసి ఉండాలి, అందులో ఆడపిల్లకు సమాన గంటలు దక్కాలి. ఈ మేరకు అభ్యంతరం పెట్టినవారితో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. నేను కోరే క్రమంలో పల్లె పిల్లకు యంత్రం ఆలస్యం కాదు. ఏడో తరగతికే మూడేళ్ల మండీ ధరల మీద పట్టు వస్తుంది. పట్నంలో ఫీజు కట్టి కోడింగ్ నేర్చే ఎంతమందికి అది ఉంది?

రెండో అభ్యంతరం ఈ రెండు మూడేళ్లలో వచ్చింది. కృత్రిమ మేధను తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెబుతోంది. టమాటా ప్రోగ్రామూ అదే రాసి ఇస్తుంది. ఇంకా ఈ మెట్లెందుకు? నిజమే, రాసి ఇస్తుంది. ఎకరాలు ధరకు రెండింతలా, మూడింతలా అన్నది మాత్రం అడిగినవాళ్లే తేల్చాలి. ఇచ్చిన జవాబు మన మార్కెట్‌కు పొసుగుతుందో లేదో అడిగినవాళ్లే చూడాలి. జవాబు చవకైన కొద్దీ ప్రశ్న వేయడమూ, జవాబును తూచడమూ ఖరీదవుతాయి. ఈ రెండూ మాతృభాషలో ముదురుతాయి. బోధన ఇంగ్లీషు మీడియంలో సాగినా, సమస్యను మాటల్లో పెట్టుకునే పని తెలుగులో జరగాలి. స్ప్రెడ్‌షీట్‌లో మెనూ ఏ భాషలో ఉందన్నది దాని తర్వాతి సంగతి.

మూడో అభ్యంతరం ఉపాధ్యాయులది. నలభై మంది పిల్లలు, నలభై ఐదు నిమిషాల పీరియడు, మార్చిలో పరీక్ష. ఒక గది, ఇరవై మంది ఉన్న చిన్నబడిలో నిచ్చెన నిలబడింది, హైస్కూల్లో ఎలా నిలబడుతుంది? దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు, సగమే ఉంది. జాతీయ విద్యావిధానం 2020 గణనాత్మక ఆలోచనను, మధ్య దశ నుంచి కోడింగ్‌ను పాఠ్యాంశాల్లోకి తెచ్చింది. దానికి ఎలాగూ గంటలు కేటాయించాలి. ఆ గంటలను విడి సబ్జెక్టుగా కాకుండా లెక్కలు, సాంఘికం, విజ్ఞానం టీచర్లు ముగ్గురూ కలిసి ఏడాదికి రెండు సమస్యల మీద వెచ్చిస్తే చాలు. ఒక సమస్య చాలా వారాలు నడుస్తుంది. నలభై మందిలో పదిమంది ల్యాబ్‌లో ఉంటే పదిమంది గళ్ల కాగితం మీద, పదిమంది ఊళ్లో ప్రశ్నలడుగుతూ, పదిమంది టీచరు పక్కన ఉంటారు. పనిని బట్టి పిల్లలను గుంపులుగా విడదీసే ఈ ఏర్పాటు రిషివ్యాలీ కార్డుల గుర్తుల్లో ఉన్నదే. అప్పుడు నలభై కంప్యూటర్లు అక్కర్లేదు, పది చాలు. పరీక్ష సంగతి మాత్రం టీచరు చేతిలో లేదు. మధ్యగతం కట్టమని అడిగే ప్రశ్నపత్రం, సగటును ఎందుకు నమ్మకూడదో చెప్పమని కూడా అడిగే రోజు రావాలి. అంతవరకూ ఈ పని చేసే టీచర్లు ఎదురీదుతూనే ఉంటారు. వాళ్లకు మన అండ కావాలి.

కాబట్టి నా ప్రతిపాదన చిన్నది. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ఉపాధ్యాయులు కూర్చుని ఒక పెట్టె తయారు చేయాలి. అందులో ఈ నేల సమస్యలే ఉండాలి: టమాటా ధర, చెరువులో నీటిమట్టం, బోరు లోతు, పట్టుగూళ్ల రాబడి, పుంగనూరు పొట్టి ఆవుకు మేత ఎంత, పాలు ఎన్ని. ఒక్కో సమస్యను మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా మెట్లుగా విడగొట్టి, మెట్టుకొక కార్డు, తెలుగులో. చేత్తో చేసేవాటికి ఒక గుర్తు, ఊళ్లోకి పోయి అడిగేవాటికి ఒక గుర్తు, కంప్యూటర్ కావలసినవాటికి ఒక గుర్తు. ఆ మూడో గుర్తు ఏ కార్డు మీద మొదటిసారి పడాలి అన్న చోట టీచర్లు బాగా పోట్లాడుకోవాలని నా కోరిక. మొదటి కార్డు మీద ఏముండాలో మాత్రం నేను ఇప్పుడే చెప్పగలను. మూడో తరగతి పిల్లలు కూడబలుక్కుని చదువుకోగలిగిన పెద్ద అక్షరాల్లో: ‘ఈ బాక్సులో ఎన్ని కాయలున్నాయి? లెక్కపెట్టకుండా చెప్పు. ఎలా అనుకున్నావో పక్కవాళ్లకు చెప్పు.’